గృహవిజ్ఞానము: వెండి పూసిన వలువలు



ఈ నెల నాకు వచ్చిన జాబులలో నొకదానికి ఈ శీర్షిక యంతయు కేటాయింపవలసి వచ్చినది. వ్రాసిన యామె మధ్యతరగతి గృహిణి. మామగారు పక్షవాతముచే నెనిమిది నెలలుగా మంచము పట్టియున్నారు. చెమటచేతను మూత్రముచేతను పక్క తడిసి, దుప్పట్లు దినమునకు రెండు మూడు మారులు మార్చి యుదుకవలసి వచ్చుచున్నదట. ఇట్లుండగా పట్టణములోని యొక బట్టల యంగడివాడు వెండి పూసిన పక్కదుప్పటి యొకటి చూపి, “దీనిపై క్రిములు బ్రతుకవు, వాసన పుట్టదు, పది దినముల కొకమా రుదికిన చాలును, పక్కపుండ్లును రావు” అని చెప్పెనట. దాని వెల యామె భర్తగారి నెల జీతములో నారవవంతు. “కొందునా, మానుదునా? కొనకుండుట మామగారి యెడ నేను చేసెడి లోప మగునా?” అని యామె యడిగినది.

ఈ ప్రశ్న యామె యొక్కతెది కాదు. నేడు మేజోళ్ళు, లోవస్త్రములు, వ్యాయామము చేయువారి చొక్కాలు, పసిపాపల పొత్తిగుడ్డలు, తువ్వాళ్ళు మొదలగువానికి వెండి పూసి యమ్ముచున్నారు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు ముఖమునకు గట్టుకొను గుడ్డలను, చొక్కాగుడ్డలను గూడ నిట్లే యమ్మిరి. వెండి యను మాట వినగానే మన యాడువారికి గౌరవము గలుగుట సహజము. కాని యింటి సొమ్ము వెచ్చించుటకు ముందు ఆ వెండి యేమి చేయునో, ఎంతకాలము చేయునో, చేసి యెక్కడికి పోవునో యెరుగుట మంచిది.

వెండికి గల శక్తి

వెండికి క్రిమిసంహారశక్తి గలదా? నిస్సంశయముగా గలదు. పారసీక చక్రవర్తియగు సైరసు యుద్ధయాత్రలకు వెడలునపుడు ఖొయాస్పెసు నదీజలమును కాచి, వెండిపాత్రలలో నింపించి, బండ్లపై వెంట గొనిపోవుచుండెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసినాడు. మన యిండ్లలో పసిబిడ్డకు ఉగ్గుగిన్నె వెండిది చేయించుట నేటికిని గలదు. ఆ పూర్వులు క్రిములను గూర్చి యెరిగి చేసిరని నే ననజాలను. కాని వారి వాడుకకు విరుద్ధమైన దేదియు శాస్త్రజ్ఞులకు కనబడలేదు.

1880లో జర్మనీదేశమున లైప్జిగు నగరములో క్రెడే యను ప్రసూతివైద్యుడు అప్పుడే పుట్టిన శిశువుల కన్నులలో వెండినత్రితము కలిపిన నీటిచుక్కలు వేయ నారంభించెను. తల్లినుండి సంక్రమించు కంటిరోగముచే నాడు ఐరోపాలో పెక్కుమంది శిశువులు చూపు గోల్పోవుచుండిరి. అతని యాసుపత్రిలో నంతకుముందు నూటికి పదిమంది దరిదాపున నున్న యా రోగము ఈ చికిత్సతో నూటి కొకనికంటె తక్కువకు దిగినది. 1893లో నేగెలి యను స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుని రచన యొకటి యాతని మరణానంతరము ప్రకటింపబడెను. వెండి, రాగి మున్నగు లోహములు నీటిలో లెక్కకు రానంత స్వల్పముగా నున్నను పాచిమొక్కలు చచ్చుటను ఆత డందు వర్ణించెను. కాలినపుండ్లకు వైద్యులు నేడును పూయు తెల్లని వెండిలేపనము 1968లో వైద్యలోకమునకు వచ్చినది. కావున అంగడివాడు వెండిని గూర్చి చెప్పినది మూలమున నసత్యము గాదు. మనము విచారింపవలసినది ఆ మూలముపై నతడు కట్టిన మేడను గూర్చి.

వెండిని చూర్ణము చేయుట

మన పెట్టెలలోని జరీచీరలందును వెండి గలదు. మేలైన జరీ యనగా బంగారుపూత గల వెండితీగయే. కాని నేటి యీ వస్త్రములలోని వెండి తీగ గాదు, రేకు గాదు. కంటికిగాని సామాన్యమగు సూక్ష్మదర్శినికిగాని కానరాని కణములు. వీనిని నానోకణము లందురు. మీటరును నూరుకోట్ల భాగములు చేసిన నందొక భాగము నానోమీటరు. ఒకటి మొదలు నూరు నానోమీటర్లవరకు పరిమాణము గల కణములకు ఈ పేరు. మన తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. అనగా 10 నానోమీటర్ల వెండికణములను వరుసగా బేర్చినచో నొక వెండ్రుక యడ్డముకొలతకు ఎనిమిదివేలు పట్టును.

ఇంత సన్నము చేయుటవలన లాభమేమి? వంటయింటిలో దీనికి సమాధానము గలదు. కల్లుప్పు గడ్డ చారులో కరగుటకు కాలము పట్టును. ఆ యుప్పునే మెత్తగా నూరి వేసిన క్షణములో కరగును. ఉప్పు పెరుగలేదు. నీటికి తగులు పైభాగము పెరిగినది. వెండి విషయమును నిట్టిదే. ప్రతి యంచును ఒక సెంటీమీటరు గల వెండిఘనము బరువు పదిన్నర గ్రాములు, తులమునకు కొంచెము తక్కువ. దాని పైభాగ మంతయు కలిపి ఆరు చదరపు సెంటీమీటర్లే. ఆ ఘనమునే పది నానోమీటర్ల చిన్నఘనములుగా కోయగలిగినచో పైభాగము 600 చదరపు మీటర్ల గును. ఇది యేడువందల చదరపు గజములకు మించిన నేల. పదిమంది కాపురముండదగిన యింటిస్థలము. వెండి పని యంతయు పైభాగమునుండియే జరుగును గాన, రవంత వెండితో నెంతయో పని జరుగును.

ఈ కణములను చేయు తీరును గూడ సంగ్రహముగా జెప్పెదను. వెండినత్రితమను లవణమును నీటిలో కరగించి, అందు వెండిని లోహరూపమునకు దెచ్చు ద్రవ్యము నొకదానిని కలుపుదురు. కణము లొకదానితో నొకటి యంటుకొని ముద్దగట్టకుండ మరియొక ద్రవ్యము చేర్తురు. వేప, తులసి మున్నగు నాకుల రసములతో గూడ నీ మార్పు జరుగునని పెక్కు ప్రయోగశాలలలో జూపినారు. విచిత్రమేమనగా, నీటిలో నిట్లు చెదరిన వెండి తెల్లగా నుండదు. వెలుతురులోని నీలి యూదావన్నెల భాగమును గట్టిగా గ్రహించుటచే తేనెచాయగ నుండును. తరువాత గుడ్డను ఆ నీటిలో ముంచి, రోళ్ళనడుమ పిండి, ఆరబెట్టి, వేడిచేసి కణములను నూలుపోగులకు పట్టింతురు. అతుకుడుపదార్థముతో పట్టించుటయు, పోగు తయారగునపుడే లోపల గలుపుటయు గలదు. గుడ్డపై వెండి యెంతకాలము నిలుచునో యను ప్రశ్నకు సమాధానము చాలవర కీ పట్టింపులోనే యున్నది.

క్రిమి యెట్లు చచ్చును?

పూజగదిలోని వెండికుందెలు కొన్నాళ్ళకు నల్లబడుటయు, మనము విభూతితో తోమి మెరుగు దెచ్చుటయు నిత్యానుభవము. గాలిలో స్వల్పముగా నుండు గంధకసంబంధ వాయువులు వెండితో గలిసి నల్లని పొర గట్టుటయే యందులకు గారణము. వెండికిని గంధకమునకును గల యీ స్నేహమును గుర్తుంచుకొనుడు. క్రిమి మరణమునందును, దరువాతి కథయందును అదియే ప్రధానము.

తడి తగిలినపుడు, గాలిలోని ప్రాణవాయువు సహాయముతో, వెండికణముపైనుండి విద్యుదావేశము గల వెండియణువులు కొంచెము కొంచెముగా నూడి వచ్చును. బాక్టీరియా యను క్రిమి కొలత సుమారు వేయి నానోమీటర్లు. దాని పైపొరలోను లోపలను గల ప్రోటీనులలో ననేకమునకు గంధకపు కొసలున్నవి. వెండి పోయి వానిని పట్టుకొనును. అంతట పైపొర చిల్లులు పడును, శ్వాసక్రియ నడపు ప్రోటీనులు స్తంభించును, వంశవృద్ధి యాగును. పెక్కుచోట్ల నొక్కసారి దెబ్బ తగులుటచే క్రిమి తప్పించుకొనుట కష్టము.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, తడి లేనిదే వెండి పనిచేయదు. రెండవది, చెమటలోని యుప్పు వెండియణువులతో గలిసి కరగని పదార్థముగా మారును. కాబట్టి ప్రయోగశాలలో శుభ్రమగు నీటిలో జూపినంత బలము వంటిమీద జూపకపోవచ్చును.

వాసన సంగతి

చెమటకు స్వతస్సిద్ధముగా దుర్వాసన లేదు. చంకలు మొదలగు చోట్ల నూరు చెమటలోని పదార్థములను చర్మముపై గాపురముండు బాక్టీరియాలు తిని విడిచినవే వాసనకు మూలము. అట్లే, తడిసిన పక్కబట్టల ఘాటువాసన మూత్రములోని యూరియాను బాక్టీరియాలు అమోనియాగ మార్చుటచే బుట్టును. కావున బాక్టీరియాలు తగ్గిన వాసన తగ్గుట నిజమే.

కాని వాసనకు విరుగుడు వెండి యొక్కటియే గాదు. 2014లో బెల్జియముదేశపు గెంటు విశ్వవిద్యాలయమువారు 26 మందిచే వ్యాయామము చేయించి, వారి చొక్కాలను మరునాడు పరీక్షించిరి. నూలుచొక్కాలకంటె పాలిస్టరు చొక్కాలే హెచ్చు దుర్వాసన గలవిగా దేలినవి. వాసన పుట్టించు నొక జాతి బాక్టీరియా పాలిస్టరుమీదనే బాగుగా బలిసినది. చౌకగా దొరకు నూలుబట్టను విడిచి పాలిస్టరును గొని, దాని వాసన పోవుటకు మరల వెండిపూతకు వెల నిచ్చుట యెంత విచిత్రమో చూడుడు.

ఉతుకుటలో నేమగును?

ఈ వ్యాసమునకు బ్రాణమైన భాగ మిదియే. 2008లో అమెరికాదేశపు అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయములో బెన్, వెస్టర్‌హాఫ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు అంగళ్ళలో నమ్మెడి యారు విధముల వెండిమేజోళ్ళను దెచ్చి, శుభ్రజలములో మరల మరల గడిగి, నీటిలోనికి దిగిన వెండిని కొలిచిరి. హెచ్చుగా నున్న మేజోటిలో గ్రాము బట్టకు 1360 మైక్రోగ్రాముల వెండి, అనగా మిల్లిగ్రామున్నరకు కొంచెము తక్కువ యుండెను. కొన్ని మేజోళ్ళు నాలుగు మారులు గడుగుసరికే తమ వెండి నంతయు దాదాపుగా గోల్పోయినవి. మరికొన్ని మిక్కిలి స్వల్పముగానే విడిచినవి. మరుసటి సంవత్సరము స్విట్జర్లాండులోని ఎంపా పరిశోధనసంస్థవారు సబ్బుతో నుదికి పరీక్షింపగా, ఒక్క యుదుకుతో గొన్ని గుడ్డలు నూటి కొకవంతు గూడ విడువలేదు. ఒకటి మాత్రము నూటికి 45 వంతులు విడిచెను. మరకలు పోగొట్టు చలువమందులు వెండిని వేగముగా గరగించుటయు వారు చూచిరి.

కాబట్టి వెండి పూసినది యను మాటకు స్థిరమైన యర్థము లేదు. ఒక గుడ్డపై నది పండుగనాటి పసుపువలె రెండు స్నానములకు పోవును. మరియొక గుడ్డపై పచ్చబొట్టువలె నిలుచును. చూచుటకు రెండును నొక్కటే. అంగడిలో నిలిచి యేది యేదో కనిపెట్టుట మన తరము గాదు.

ఇంకొక లెక్కయు జూడుడు. గ్రాము బట్టకు మిల్లిగ్రాము వెండి యున్నదనుకొన్నను, అరకిలో తూగు దుప్పటిలో నరగ్రాము వెండియే యుండును. పిల్లల కాలిపట్టెడ మువ్వలో దానికంటె నెక్కువ యుండును. వెల హెచ్చించినది వెండి కాదు, వెండి యను మాట.

తొంబదితొమ్మిది దశాంశము తొమ్మిది

ఇట్టి వస్త్రముల కాగితముపై “నూటికి 99.9 వంతులు క్రిములను చంపును” అని పెద్దయక్షరములతో వ్రాయుదురు. ఇది వట్టిమాట యనను. నిర్ణీతమైన పరీక్షాపద్ధతులు గలవు. గుడ్డముక్కపై నిర్ణీతజాతి బాక్టీరియాలను వేసి, తడిగా గొన్నిగంటలు, తరచుగా నొక దినము, వెచ్చని చోట నుంచి, మిగిలినవానిని లెక్కింతురు. నూటికి 99.9 అనగా వేయింటి కొకటి మిగిలెనని యర్థము. అనుకూలమైన తావున కొన్ని బాక్టీరియాలు ఇరువది నిమిషముల కొకసారి రెట్టింపగును. పది రెట్టింపులలో నొకటి వేయి దాటును. అనగా మూడుగంటల యిరువది నిమిషములు చాలును. పరీక్ష తరచు క్రొత్తగుడ్డపై, మురికి లేనిచోట జరుగును. మన మంచముమీది దుప్పటిపై చెమటజిడ్డు, చర్మపుపొట్టు, మలమూత్రములు పేరుకొన్నపుడు క్రిమికిని వెండికిని నడుమ ఆ మురికియే గోడ యగును.

కాబట్టి కొనువారు ఈ మూడును అడుగవలెను: ఈ లెక్క యెన్ని యుదుకుల తరువాతిది? ఏ పరీక్షాపద్ధతి ననుసరించినది? ఏ సబ్బుతో, ఎంత వేడినీటితో నుదుకవచ్చును? ఈ సమాధానములు కాగితముపై లేనిచో గుడ్డను సాధారణపుగుడ్డగానే యెంచి వెలకట్టుడు.

దొడ్డిదారిన పోయిన వెండి

గుడ్డను విడిచిన వెండి మాయమగునా? తూములో బడి పోవును. మురుగునీటిని శుద్ధిచేయు కర్మాగార మున్నచో నక్కడి గంధకముతో గలిసి, పూజగదిలో జూచిన యా నల్లని పదార్థమే యగుచున్నదని స్విట్జర్లాండులో 2011లో ప్రకటించిన పరిశోధన చూపినది. ఆ రూపమున వెండి చాలవరకు శాంతించి, అడుగుబురదలో జేరును. ఇది కొంత యూరట. కాని మన యూళ్ళలో స్నానపుదొడ్డి నీరు కాలువకును, కాలువ చెరువునకును నేరుగా బోవు తావు లెన్ని గలవో మీ రెరుగుదురు. కరగిన వెండి నీటిలోని పాచికిని, నీటిపురుగులకును, చేపలకును బహుస్వల్పమాత్రలోనే విషము. మన యింటి మంచముమీది క్రిమికిని, చెరువులో నీటిని శుభ్రపరచు క్రిమికిని భేదము వెండి యెరుగదు.

మరియొక భయము గలదు. క్రిములు వెండిని దట్టుకొన నేర్చుకొనుట. 1975లో బోస్టనులోని మసాచుసెట్సు జనరలాసుపత్రియందలి కాలినగాయముల విభాగములో వెండినత్రితమునకు లొంగని సాల్మొనెల్లా బాక్టీరియాను గూర్చి ప్రకటించిరి. అది కొన్ని ప్రతిజీవకౌషధములకును లొంగలేదు. ఆ గుణము నిచ్చు జన్యువుల వివరము 1999లో వెలువడినది. కాలిన దేహమును గాపాడుటకు వెండి యవసరమైన దినమున, మేజోళ్ళవాసనకై దానిని వృథాపరచి యుండుట వివేకమా యని వైద్యు లడుగుచున్నారు. అమెరికా ప్రభుత్వము 2011లో నొక వెండిపూతను వస్త్రములలో వాడుటకు షరతులతో ననుమతి నీయగా, పర్యావరణసంఘ మొకటి న్యాయస్థానమున కెక్కెను. 2013లో ఆ న్యాయస్థానము, పసిపిల్లలకు గలుగ గల హానిని లెక్కించుటలో ప్రభుత్వము తన నియమమును దానే పాటింపలేదని యనుమతిలో గొంతభాగమును గొట్టివేసెను. పసివారు గుడ్డను నోట బెట్టుకొని చప్పరింతురని తల్లులకు వేరుగ జెప్పనక్కరలేదు గదా.

ఇట్లనినంతమాత్రమున వెండి చెడ్డదని కాదు. హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. యను జాతీయ పరిశోధనసంస్థ త్రాగునీటిని వడపోయుటకు వెండి నానోకణములు పట్టించిన పింగాణికడ్డీలను రూపొందించినది. శుద్ధమైన నీరు దొరకని యింట నట్టిది మేలు చేయును. స్నానమునకును ఉదుకుటకును వీలులేని దూరప్రయాణికులకు, కొండలెక్కువారికి, సైనికులకు వెండి లోవస్త్రములు సుఖము నీయవచ్చును. తగినచోట తగినంత వాడుటయే మంచి.

ఆ సోదరికి నా సమాధానము

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. పక్కపుండు క్రిమివలన మొదలుకాదు. ఒకే వైపున చాలసేపు పరుండినచో ఎముకకును పరుపునకును నడుమ చర్మము నలిగి, నెత్తు రాడక, ఆ తావు చచ్చును. తడియు, ఒరిపిడియు దానికి దోడగును. క్రిములు చేరుట ఆ తరువాతి మాట. వెండి బరువును తగ్గింపదు, తడిని పీల్చదు, ఒరిపిడి నాపదు. క్రిమి చచ్చినను మూత్రము మూత్రమే. అది చర్మమును నానబెట్టుచునే యుండును. పది దినములు ఒకే దుప్పటిపై బరుండబెట్టుట వెండి యున్నను లేకున్నను రోగికి హాని. అంగడివాని మాటలలో మిక్కిలి యపాయకరమైన దిదియే.

పుండ్లకు వైద్యులు వాడు వెండికట్లు వేరు. వానిలో వెండి హెచ్చు, పుండును జూచి వైద్యుడు నిర్ణయించును. వానిని గూర్చియు 2010లో కోక్రేను సంస్థవారు 26 పరిశోధనలను గూర్చి చూచి, పుండ్లలో క్రిములు చేరకుండ నవి యాపునని చెప్పుటకు చాలినంత సాక్ష్యము లేదనిరి. కట్టునకే యింత సంశయ మున్నపుడు దుప్పటికి ధీమా యెక్కడిది?

కావున, సోదరీ, ఆ దుప్పటి కొనవలదు. ఆ సొమ్ముతో నిట్లు చేయుడు. మెత్తని నూలుదుప్పట్లు నాలుగైదు, నడుమభాగమున వేయుటకు చిన్నగుడ్డలు పది, వానిక్రింద నొక రబ్బరుగుడ్డ కొనుడు. చిన్నగుడ్డ తడిసినపుడు దానినే మార్చిన దుప్పటి యంతయు నుదుకు బాధ తప్పును. ఇంకను మిగిలినచో వైద్యుని సలహాతో గాలిపరుపు సంగతి యాలోచింపుడు. రోగిని రెండుగంటల కొకసారి ప్రక్కకు ద్రిప్పుడు. ఈడ్చి జరుపక, క్రిందిగుడ్డతో నిరువురు పట్టి యెత్తి జరుపుడు. దుప్పటిలో ముడుతలు లేకుండ లాగి దోపుడు. దినమున కొకసారి నడుముక్రిందియెముకను, పిరుదులను, మడమలను, మోచేతులను చూడుడు. ఎర్రబడిన తావును వ్రేలితో నొక్కి విడిచినపుడు ఎరుపు పోక నిలిచియున్నచో నది పుండునకు తొలిగుర్తు. అచ్చట రుద్దక, ఒత్తిడి తగులకుండ పరుండబెట్టి, వైద్యునకు జూపుడు.

మలమూత్రము లంటిన గుడ్డను ముందు చల్లనినీట జాడింపుడు. మొదటనే వేడినీరు తగిలిన మరక పట్టును. పిమ్మట చేయి పెట్టనోపనంత వేడినీటిలో, అనగా 60 డిగ్రీల వేడిలో, సబ్బుతో నానబెట్టి యుదికి, ఎండలో పూర్తిగా ఆరవేయుడు. సబ్బు క్రిములను మురికితోగూడ నూడ్చి పారబోయును. వేడి చంపును. ఎండయు, పొడిదనమును మిగిలినవానిని చాలవరకు తీర్చును. వానకాలమున నిస్త్రీ చేయుడు. మరకమందునకు వెండిపూత యోర్వదని చూచితిమి. రోగి దుప్పటి కది లేక గడవదు. అందుచేతను వెండిదుప్పటి రోగిమంచమునకు దగదు.

ఇది క్రొత్తమాట కాదు. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ యధ్యాయములో శిశువు పక్కబట్టలను గూర్చి చెప్పుచు, చెమట, మురికి, మలమూత్రములు సోకినవానిని విడువవలెననియు, క్రొత్తవి సమకూరనిచో వానినే బాగుగా నుదికి, ధూపము వేసి, శుష్కములు చేసి వాడవలెననియు ఆచార్యుడు విధించినాడు. లేమిడి గల యింటిని గూడ నాతడు మరువలేదు. క్రొత్తవి కొనలేనిది దోషమనలేదు, ఉదుకనిది దోషమన్నాడు. ఎనిమిది నెలలుగా దినమునకు మూడు మారు లుదుకుచున్న చేతులను గూర్చి ఆ సోదరికి సందేహ మక్కరలేదు. చేయవలసినది చేయుచునే యున్నది. ఆ పని యామె యొక్కతెమీదనే పడకుండ ఇంటిలోని మగవారును మడచుట, ఆరవేయుట, రోగిని ద్రిప్పుట పంచుకొనవలెనని నా మనవిగా వారికి జదివి వినిపింపవచ్చును.

వచ్చు నెలలో దుప్పట్లపై మందుమరకలు, నెత్తుటిమరకలు, పసుపుమరకలు పోగొట్టు విధములను వ్రాయుదును. మీ యనుభవములు తెలిపిన వానినిగూడ జేర్చుదును.